గొర్రె బొమ్మ కింద రెండు గళ్లు

ప్రొద్దుటూరులో మూడో తరగతి పిల్లలకు కంప్యూటర్ నేర్పే రోజుల్లో, బొమ్మ చూసి పదం నింపే ఆట ఒకటి తయారుచేశాను. గొర్రె బొమ్మ కింద అక్షరానికొకటి చొప్పున రెండు గళ్లు పెట్టాను. గొర్రెలు మేపే ఇంటి పాప ఒకతి ఎంతసేపటికీ ఏమీ రాయలేదు.

"ఏంది, తెలీదా?" అన్నాను.

"గళ్లు సాలవు సార్. ఇది పొట్టేలు. గొర్రెకు యాడైనా కొమ్ములుంటాయా?"

ఆ కొమ్ములను నేను గమనించనేలేదు. గబగబా మూడు గళ్లు చేశాను. ఈసారి పక్కనున్న పాప 'గొర్రె' అని రాసి, ఒక గడి మిగిలిందేమిటని బిక్కమొహం వేసింది. మా ఇంట్లోనూ అన్నింటినీ గొర్రెలనే అంటాం. ఎవరిది తప్పనాలో తోచక, ఇద్దరిదీ సరే అన్నాను.

మొదటి పాప ఒప్పుకోలేదు. "రెండూ ఎట్లా సరైతాయి సార్?"