ప్రేమలీల బొటనవేళ్లు

కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే ప్రేమలీల చెప్పే మాట ఒకటే.

"ఇరవయ్యారేళ్లయ్యిందమ్మా నాను పిల్లలకి నీళ్లు పొయ్యడం మొదలెట్టి. నా సేతిలోంచి ఒక్క బిడ్డా జారనేదు."

ఆ మాట అన్నాకే చీర ఎగదోపి, బిడ్డ కోసం చేతులు చాపేది. బాలింత, బాలింత అత్తగారు, ఊసుపోక చూడ్డానికొచ్చిన పక్కింటావిడ, ఎవరికైనా ఆ మాటతో గుండె కుదుటపడేది. గొప్పలు చెప్పుకోవడం ప్రేమలీలకి ఇష్టమే, కాదనను. కానీ ఇది గొప్ప కాదు, అచ్చమైన నిజం.

ఆవిడ ఉండేది జ్ఞానాపురంలో. ఆరేసిన బట్టల మీద పోర్టు బొగ్గునుసి వాలకముందే లేచి, ఇంత టీ తాగి, ఆరింటికల్లా బయల్దేరి మూడిళ్లు తిరిగేది. పసిబిడ్డకి నీళ్లు పోయడమంటే చెంబుతో ఇన్ని నీళ్లు గుమ్మరించడమే అనుకునేవాళ్లంటే ఆవిడకి ఒళ్లు మంట. పీట మీద కూర్చుని కాళ్లు బారజాపాలి. ఆ కాళ్ల మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టి, గోరువెచ్చటి నువ్వులనూనె పట్టించి, కాళ్లూ చేతులూ సాగదీయాలి. శనగపిండితో నలుగు పెట్టాలి. పుట్టిన పిల్లలందరూ బొటనవేలు లోపల పెట్టుకుని గుప్పిట మూసేస్తారు. ఆ గుప్పిట బతిమాలి విప్పి, లోపల చేరిన నూలుపోగులు తీయాలి. చివర్న తలా ఒళ్లూ కడిగాక, చేపపిల్లలా జారిపోయే ఆ బిడ్డని చంకల కింద రెండు బొటనవేళ్లూ వేసి, ఒక్క ఊపున ఎత్తి తువ్వాల్లోకి తీసుకోవాలి. పనంతా ఆ ఎత్తులోనే ఉంది. తన అత్తగారు నేర్పిన ఎత్తు అది. ఆవిడ పోయి పదేళ్లయినా ప్రేమలీల చేతుల్లో ఉండిపోయింది.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, సన్నగా సలుపు మొదలైంది. నెల తిరిగేసరికి తడిబట్ట పిండాలంటే ప్రాణం పోయేది. తాళం తిప్పాలన్నా, వంకాయ తరగాలన్నా ఎడమచేతిని పిలవాల్సి వచ్చేది.

ఒంట్లో ఏ నొప్పికైనా ప్రేమలీలకి తెలిసిన వైద్యం ఒకటే. నూనె కాచి రుద్దడం, కీళ్లు సాగదీయడం. వందలమంది పిల్లల కాళ్లూ చేతులూ అలాగే కదా గట్టిపడ్డాయి! ఇంక తన వేలెంత? రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని, మణికట్టు ఎర్రబడేదాకా రుద్ది, బొటనవేలు పట్టుకుని టక్కుమనేదాకా లాగేది. వేలు వాచింది. వాచిందని ఇంకా గట్టిగా రుద్దింది. ఇంకా వాచింది.

"అది వేలనుకున్నావా, నిమ్మకాయనుకున్నావా? అలగ పిండేత్తన్నావ్," అన్నాడు భర్త మైఖేల్. ముప్పయ్యేళ్లు పోర్టులో ఓడల మీద కళాసీగా సరుకులెత్తించి, ఈమధ్యే ఇంటిపట్టున కూర్చున్నాడు. "డాక్టరుకి సూపించుకోయే."

"డాక్టరేటి సెప్తాది? రెస్టంటాది. నాను రెస్టు తీసుకుంటే ఆ బిడ్డలకి నువ్వు పోత్తావా నీళ్లు?"

మైఖేల్ పేపరు తిరగేసుకున్నాడు. ఆవిడ నోటికి ఎదురు నిలబడడం కన్నా ఓడ ఎక్కడమే సులువని ఆయనకి ఎప్పుడో తెలుసు.

ఆ మూడిళ్లలో ఒకటి పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్న సిరాజ్ వాళ్లిల్లు. సిరాజ్‌కి మార్కెట్లో మసాలా దినుసుల కొట్టుంది. భార్య షాహీనాకి తొలి కాన్పు, ఆడపిల్ల. షాహీనాకి తల్లి లేదు. అత్తగారు నూరున్నీసా మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేదు. అందుకని నలభయ్యో రోజు స్నానం దాకా బిడ్డ భారం నీదేనని ఆ పెద్దావిడ ప్రేమలీలకి అప్పగించింది. నలభయ్యో రోజంటే వాళ్లకి పండగే, చుట్టాలంతా దిగుతారు.

ఇరవైరెండో రోజున, ఆఖరి చెంబు పోసి, అలవాటు ప్రకారం చంకల కింద వేళ్లు వేసి ఎత్తింది ప్రేమలీల. బొటనవేలి దగ్గర పుట్టిన పోటు మోచేతి దాకా చురుక్కున పాకింది. కుడిచెయ్యి దానంతటదే విడిపోయింది.

బిడ్డ జారింది.

జానెడు ఎత్తు నుంచి మళ్లీ ఆవిడ కాళ్ల మీదే పడింది. ఎడమచెయ్యి చటుక్కున తల కిందికి వెళ్లబట్టి సరిపోయింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కనీసం ఏడవలేదు, నల్లటి కళ్లతో అలా చూస్తూ ఉండిపోయిందంతే. ప్రేమలీల మాత్రం ఇంత భయం తన కాన్పుల్లో కూడా ఎరగదు. తలెత్తి చూసింది. షాహీనా లోపల సాంబ్రాణి కోసం నిప్పులు రాజేస్తోంది. నూరున్నీసా వీధి గదిలో ఉంది. ఎవరూ చూడలేదు.

ఎవరూ చూడలేదన్న సంగతి తట్టగానే ముందు హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. బిడ్డని తుడిచి, పొగ పట్టి, తల్లి ఒళ్లో పెట్టి, మాట్లాడకుండా బయటపడింది.

"జారింది," అంది ఇంటికెళ్లి. మైఖేల్ చొక్కా వేసుకుని, ఆటో పిలిచి, సీతమ్మధారలో ఎముకల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ చిన్నదే, ముప్పై దాటి ఉండదు. "బొటనవేలు లోపల పెట్టి గుప్పిట మూయండి," అంది. మూశాక ప్రేమలీల తన చేతిని చూసుకుంది. పుట్టిన పిల్లల గుప్పిటే అది. డాక్టరమ్మ ఆ గుప్పిటని మెల్లిగా చిటికెనవేలి వైపు వంచింది.

"ఓలమ్మో!"

బయట వరుసలో కూర్చున్నవాళ్లు కూడా తొంగిచూశారు.

"బొటనవేలిని కదిపే తాళ్లలాంటివి ఇక్కడ సన్నటి గొట్టంలోంచి వెళ్తాయమ్మా. ఎత్తీ ఎత్తీ అవి వాచాయి, గొట్టం ఇరుకైపోయింది. దీనికేం చేశారు ఇన్నాళ్లూ?"

"రుద్దాను. లాగాను."

"అందుకే ఇంత ముదిరింది."

ప్రేమలీల ఎవరి దగ్గరా తలదించుకునే రకం కాదు. ఆ గదిలో మాత్రం దించుకుంది. బొటనవేలు కదలకుండా మణికట్టుకి పట్టీ, ఆరు వారాలు. రుద్దకూడదు, లాగకూడదు, బిడ్డల్ని ఎత్తకూడదు. తగ్గకపోతే ఇంజెక్షన్. తగ్గాక కూడా బరువు బొటనవేళ్ల మీద వేస్తే మళ్లీ మొదటికొస్తుందని గట్టిగా చెప్పింది డాక్టరమ్మ. అరచేతులు పైకి ఉండాలట, బరువు ముంజేతుల మీద పడాలట.

"బొటనేలు నేకుండా తడిబిడ్డని ఎలగెత్తుతారు? ఆ పిల్లకేటి తెలుసు!" దారిపొడుగునా గొణిగింది ప్రేమలీల.

ఇంటికొచ్చాక మైఖేల్ మంచం మీద తువ్వాలు పరిచి, దాని మీద తలగడ పెట్టాడు. "ఓడలో బస్తాని గోళ్లతో గిల్లి ఎత్తుతామేటే? కిందనుంచి తాడేసి ఎత్తుతాం. బరువు తాడు మోత్తాది, మనిసి దారి సూపెడతాడంతే." తువ్వాలు కింద రెండు ముంజేతులూ దూర్చి, అరచేతులు పైకి పెట్టి, తలగడని గుండెలకి చేర్చుకున్నాడు. బొటనవేళ్లు రెండూ పనీపాటా లేకుండా గాల్లో ఉన్నాయి.

"పసిబిడ్డంటే నీకు సిమెంటు బస్తాలాగుందా?" అని కసిరింది. ఆయన టీకి బయటికెళ్లగానే తువ్వాలు మళ్లీ పరిచి, అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసుకుంది.

మర్నాడు చేతికి పట్టీతోనే సిరాజ్ ఇంటికి వెళ్లింది. అత్తాకోడళ్లని ఇద్దర్నీ కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. జానెడు అంది. తన కాళ్ల మీదే అంది. నెల పైనుంచీ ఉన్న నొప్పిని దాచి వాళ్ల బిడ్డని ఎత్తానని కూడా అంది. షాహీనా గబుక్కున బిడ్డని తీసుకుని ఒళ్లంతా తడిమి చూసుకుంది.

"మేమెవరం సూడనేదు కదా. ఎందుకు సెప్పావు మరి?" అంది నూరున్నీసా.

"నాను సూసాను కదమ్మా."

పెద్దావిడ ప్రేమలీల చేతి పట్టీ వంక చూసింది.

"మరో మనిసిని ఎట్టుకుంటామంటే ఎట్టుకోండి, నాను తప్పనను. నేదంటే షాహీనాయే నీళ్లు పోత్తాది, నాను పక్కన కూకుని సెప్తాను. నా సెయ్యి మాత్రం బిడ్డ మీద పడదు."

"నేనా? నావల్ల కాదు ఆంటీ, నాకు భయం," అంది షాహీనా.

"బయమున్నోలే పొయ్యాలి. నాకు బయం పోబట్టే జారింది."

నూరున్నీసా కోడలి వైపు చూసి, పీట వెయ్యమంది.

మిగతా రెండిళ్లలోనూ ఆ పూటే చెప్పేసింది ప్రేమలీల. ఒకరు చెయ్యి బాగయ్యాకే రమ్మన్నారు. ఇంకొకరు సాయంత్రానికల్లా వేరే మనిషిని మాట్లాడుకున్నారు. ఆవిడకి కష్టమేసింది కానీ తప్పు పట్టలేదు.

నేర్పడం మొదలెట్టాక తెలిసింది, చేతులకొచ్చిన పని నోటికి రాదని. ఎంత వేడి నీళ్లంటే ఏం చెప్పాలి? ఎంత గట్టిగా పట్టాలంటే ఏం చెప్పాలి? "గట్టిగా కాదు. మెత్తగా. అంత మెత్తగా కాదే తల్లీ!" మొదటిరోజు ముప్పావుగంట పట్టింది. బిడ్డ ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది, దాంతోపాటు తల్లీ ఏడ్చింది. ప్రేమలీల చేతులు మాటిమాటికీ ముందుకెళ్లిపోయేవి. పట్టీ ఉన్న చేతిని కొంగులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండోది వేసి అదిమి కూర్చుంది. ఇరవయ్యారేళ్లలో ఆవిడ చేసిన కష్టమైన పని అదే.

ఎత్తే దగ్గర మాత్రం అత్తగారి పద్ధతి నేర్పలేదు. పాత నేతచీర ముక్కొకటి ముందే షాహీనాని కాళ్ల మీద పరుచుకోమంది. బిడ్డని దాని మీదే పడుకోబెట్టి నీళ్లు పోయించింది. "ఇప్పుడు గుడ్డ కింద సేతులెట్టు. అరసేతులు పైకి. తల నీ మోచేతి మడతలోకి రావాలి. బొటనేళ్లతో పట్టుకోకు, వాటినొగ్గీ, గాల్లో ఉండనీ." తడిసిన గుడ్డ జారలేదు. బిడ్డ నిమ్మళంగా తల్లి గుండెకి చేరింది. మొగుడి మాటే నిజమైనందుకు ప్రేమలీలకి కొంచెం ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. ఆ సంగతి ఆయనకి వారం దాకా చెప్పలేదు.

నలభయ్యో రోజున చుట్టాలంతా చూస్తుండగా షాహీనాయే పీట మీద కూర్చుంది. ఒక్కసారి కూడా పక్కకి చూడకుండా నూనె పెట్టింది, నలుగు పెట్టింది, గుప్పిట్లు విప్పి పోగులు తీసింది, కడిగి ఎత్తుకుంది. "తొలి కాన్పుకే ఎవరు నేర్పారే నీకు?" అని మేనత్తలు నోళ్లు వెళ్లబెట్టారు. నూరున్నీసా వాళ్లకి ప్రేమలీలని చూపించింది. ప్రేమలీలకి సంతోషంతో కడుపు నిండింది. ఇక ఈ ఇంటికి తన అవసరం లేదని గుర్తొచ్చి కళ్లలో నీళ్లూ తిరిగాయి. రెండూ దాచుకోలేదు.

ఆరు వారాలకి వాపు తీసింది, నొప్పి పూర్తిగా పోలేదు. ఇంజెక్షన్ చేయించుకుంది. డాక్టరమ్మ సరేనన్నాక కూడా తొందరపడలేదు. మూడు కిలోల బియ్యం ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, సబ్బునీళ్లతో తడిపి, కాళ్ల మీద గుడ్డ వేసి పెట్టుకుని, పదిహేను రోజులు ఎత్తింది, దించింది. మైఖేల్ ఓడ మీద నిలబడ్డట్టు నడుం మీద చెయ్యేసుకుని, వేళ్లతో పైకీ కిందకీ సైగలు చేసేవాడు. ఎప్పుడైనా బొటనవేలు అలవాటుగా మూట మీదకి వాలితే, "ఏలు! ఏలు!" అని అరిచేవాడు. మూట జారకుండా వందసార్లు ఎత్తేదాకా ఏ ఇంటికీ వెళ్లనని ఆవిడ శపథం పట్టింది. తొంభయ్యేడు దాకా వచ్చి జారిన రోజున మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది.

తర్వాత పిలిచింది వాళ్ల పేటలోనే ఉన్న గ్రేసీ. స్కూల్లో టీచరు, బాబు పుట్టి తొమ్మిదో రోజు. నీళ్లు కాగుతున్నాయి, పీట వేసి ఉంది. ప్రేమలీల చంకలోని నేతగుడ్డ తీసి భుజాన వేసుకుంది.

"ఇరవయ్యారేళ్లయ్యిందమ్మా నాను పిల్లలకి నీళ్లు పొయ్యడం మొదలెట్టి," అంది. అక్కడ ఆగింది. రెండో మాట అలవాటు కొద్దీ పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నా సేతిలోంచి ఒక్క బిడ్డ జారింది."

గ్రేసీ బాబుని గుండెలకి హత్తుకుంది.

"నా కాళ్ల మీదే పడింది, దేవుడి దయవల్ల దెబ్బ తగల్నేదు. సెయ్యి బాగోనేదని తెలిసీ దాసిపెట్టాను, తప్పు నాదే. ఇప్పుడు బాగైంది. మళ్లీ బాగోనేని రోజొత్తే ముందు నీకే సెప్తాను, బిడ్డని ముట్టుకోను. ఇట్టమైతేనే ఇయ్యమ్మా."

లోపల నీళ్లు తెర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. గ్రేసీ ఆవిడ ముఖంలోకి చూసింది, మణికట్టు చూసింది, మళ్లీ ముఖంలోకి చూసింది.

"నిన్నొకావిడొచ్చింది ఆంటీ," అంది. "ఒక్క బిడ్డా జారలేదనే చెప్పింది. నాకెందుకో ఇవ్వబుద్ధి కాలేదు."

రెండడుగులు ముందుకొచ్చి బాబుని అందించింది. ప్రేమలీల అరచేతులు రెండూ పైకి తిప్పి చాపింది.