ఉలవల చుట్టూ రాళ్లు

కోయిలకుంట్లలో మాకు పైపులు, మోటార్ల సామాన్ల అంగడి ఉంది. బేరం లేనప్పుడు నేను కంప్యూటర్లో రోడ్లు వేస్తుంటాను. బస్సు తోలే ఆట ఒకటుంది. అందులో లేని రోడ్లు, బండ్లు నాలాంటి, వేరే పనీపాటా ఉన్నవాళ్లే సొంతంగా తయారుచేసి కలుపుతారు. దాన్ని మాడింగ్ అంటారు. పైసా రాదు. ఎవరైనా ఆడి బాగుందంటే అదే జీతం.

నేను మా ఊరి నుంచి జమ్మలమడుగు మీదుగా కమలాపురం దాకా రోడ్డు వేశాను. నల్లరేగడి చేలు, నాపరాళ్లు నిలబెట్టి కట్టిన ప్రహరీలు, గుంతలు, అన్నీ పెట్టాను. మా ఆవిడ వెనక నిలబడి చూసి, "ఎంతసేపు తోలినా ఆ బస్సు యాడికీ పోదు గానీ, ఆటో వచ్చి నిలబడుకోనుండాది, పైపులు దించేకి రాప్పా" అనేది.

ఆ రోడ్డును అందరూ ఆడేటట్టు నెట్‌లో పెట్టాక, మాడింగ్ చేసేవాళ్ల గ్రూపులో రోజూ తొంగి చూసేవాణ్ని. ఉలుకూ పలుకూ లేదు. ఎట్టకేలకు ఎవరో దేశంకాని దేశం నుంచి ఒక మాట రాశారు: "రోడ్డు మీద చెత్త పడి ఉంది, అది లోపం, తీసేయండి."

ఆ చెత్త ఉలవలు. మా వైపు ఉలవ చెట్లు పీకి తారురోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బస్సులు, లారీలు వాటి మీదుగా పోతే గింజ రాలుతుంది. రైతుకు నూర్పిడి ఖర్చు ఉండదు, డ్రైవర్లకు తిట్టుకునే పని ఉంటుంది. ఆ పంట పరిచేటందుకే నాకు శానా రోజులు పట్టింది. దాన్ని చెత్త అనేసరికి ఒళ్లు మండింది. తర్వాత నీరసం వచ్చింది. చూసేవాడే లేనప్పుడు ఎవరికోసం ఈ తంటా అనిపించి, "కమలాపురంతో ఆపేస్తున్నాను, ఇక చేయను" అని గ్రూపులో తెలుగులోనే రాసి కంప్యూటర్ కట్టేశాను.

మర్నాడు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి, గొంతు మాత్రం అచ్చంగా కడప గొంతు.

"అన్నా, నేను కువైట్‌లో ఒక ఇంట్లో కారు తోలుతాండా. పగలంతా ఆ కారు తోలేది, గదికొచ్చి నీ బస్సు తోలేది. రోడ్డు శానా బాగుండాది. ఉలవల సుట్టూ రాళ్లెందుకు పెట్టినావన్నా? రాళ్లుంటే బండ్లు పక్కకు పోతాయి గదా, మరి గింజ రాలేదెట్ల?"

నేను అంగట్లో పుట్టి అంగట్లో పెరిగినవాణ్ని. రోడ్డు మీద జొన్నలు ఎండబోసినప్పుడు బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నేను ఆ రాళ్లను తెచ్చి, తొక్కించాల్సిన ఉలవల చుట్టూ పెట్టాను. తప్పు దొరికినందుకు సిగ్గుపడాలి గానీ, నాకు పట్టలేనంత సంతోషమైంది. నా రోడ్డును ఒక మనిషి అంత దగ్గరగా చూశాడు. ఆ మెసేజ్ మా ఆవిడకు రెండుసార్లు వినిపించాను.

వెనకే ఇంకో మెసేజ్ వచ్చింది. "మా ఊరు కమలాపురం దాటినాక కొంచెం దూరమేన్నా. నీ రోడ్డు మా ఊరు రాకముందే అయిపోతాది. రోజూ ఆడిదాకా పోయి బస్సు తిప్పుకుంటాండా. ఆపొద్దన్నా."

రాళ్లు ఆ సాయంత్రమే తీసేశాను. అతని గదిలో ఉండేవాళ్లంతా మా జిల్లాలవాళ్లే. దారి ఎట్లుంటుందో పోటీలు పడి చెప్పారు. వేపచెట్టు ఎడమన అని ఒకరు, కుడిన అని ఒకరు గొంతులు పెంచి కొట్లాడుకుంటుంటే మా ఆవిడ నవ్వలేక చచ్చింది. "వాళ్ల మాటలు నమ్ముకుంటే బస్సు చేలో పడతాది. మనమే పోయి సూసొద్దాం పా" అంది.

ఆదివారం మోటారుసైకిల్ మీద పోయాం. వెనక కూర్చుని ఆమె ఫోన్లో రోడ్డంతా తీసింది. "ఈ గుంత కూడా తీయాల్నా?" అని ప్రతి గుంత దగ్గరా అడిగింది. తీయమన్నాను. ఊరు వచ్చాక అతను చెప్పిన గుర్తులతో వాళ్ల ఇల్లు పట్టుకున్నాం. నీలం గేటు, పక్కన నాపరాయి అరుగు. వేపచెట్టు రెండువైపులా ఉంది.

ఆ కాస్త రోడ్డు వేసేదానికి పండగ ముందర సున్నం కొట్టేవాళ్లంత హుషారుగా పనిచేశాను. మా ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, గేటు నీలం ఇంకా వెలిసిపోవాలని రంగు మార్పించింది. అంతా అయ్యాక కువైట్‌కు పంపాను.

అంగడి తెరుస్తుండగా జవాబు వచ్చింది. ముందు బస్సు ఇంజన్ చప్పుడు, వెనక గదిలోవాళ్ల కేకలు. తర్వాత బ్రేకు పడింది. కేకలు ఆగిపోయాయి.

"అన్నా, ఇంటి ముందర నిలిపినా."

ఇంజన్ ఆపేశాడు.

"ఇప్పుడు దిగేదెట్లన్నా?"

ఆ ఆటలో డ్రైవరు సీటు వదిలి దిగే వీలు లేదు. షట్టరు సగంలోనే వదిలి ఆ మెసేజ్ మా ఆవిడకు వినిపించాను. మా ఆవిడ నవ్వలేదు. "ఆ గ్రూపులోవాళ్లను అడుగు. ఎవరికో ఒకరికి తెలిసుంటాది" అంది. అంగడి తెరవకముందే అక్కడి మెట్టు మీద కూర్చుని, డ్రైవరును బస్సులోంచి దించడం తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండని రాశాను.