ఫ్రాన్సు కాలువలో మా డబ్బా అక్క

ఆ రోజుల్లో అంటే ఏ తాతల కాలమో అనుకునేరు, మొన్నమొన్నటి మాటే. కానీ దుబాయ్‌లో నాలుగేళ్ళు గడిస్తే తక్కువేం కాదు. గదిలో మనుషులంతా మారిపోతారు, మనం రోజూ టీ తాగే కొట్టు ఒకనాడు సెలూన్ అయిపోతుంది, మనం మాత్రం అదే మంచం మీద అదే ఫోన్ ఛార్జర్ వెతుక్కుంటూ ఉంటాం. కరోనా తగ్గి విమానాలు మళ్ళీ నిండుగా ఎగురుతున్న కాలమది. ఇళ్ళలో కూర్చుని విసిగిపోయిన జనం ఎక్కడికైనా సరే పోదాం అనే ఊపు మీదున్నారు. ఆ ఊపులోనే దుబాయ్ పాతబస్తీ డేరాలో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. దొరికింది అనడం కూడా ఎక్కువే, చూద్దాం అన్నారు. మా ముదీర్ (మేనేజర్ని అక్కడ అందరూ అలాగే అంటారు) కేరళ పెద్దమనిషి, గొంతు పెంచకుండానే గుండెలు జారగొట్టగలడు. "టికెట్ తో సబ్ బేచ్‌తా హై. తుమ్ ఏక్ హాలిడే బేచ్ కే దిఖావ్," అన్నాడు. టికెట్లు ఎవరైనా అమ్ముతారట, నేనొక విహారయాత్ర అమ్మి చూపించాలట. అమ్మితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఖలాస్, కడప బస్సే.

అమ్మమని నా చేతికిచ్చింది ఏ సింగపూరో అయితే బాగుండేది. ఇచ్చింది ఫ్రాన్సు కాలువ. రాజుల కాలంలో తవ్విన కాలువట, దాని రెండు గట్ల మీదా ద్రాక్షతోటలు, రాతి కోటలు, పాత ఊళ్ళు. ఇల్లులాంటి పడవలో వారం రోజులు నింపాదిగా పోతూ, లాకుల దగ్గర ఆగుతూ, నచ్చిన ఊళ్ళో దిగుతూ, పాత వైను నేలమాళిగలు చూస్తూ తిరగడం. నేనేమో కడప జిల్లా వాణ్ణి. మా ఊరి వంకలో నీళ్ళొచ్చాయంటే చూడటానికి జనం పరిగెత్తేవాళ్ళు. పడవ నేను మొదటిసారి ఎక్కింది దుబాయ్ వచ్చాకే, క్రీక్ దాటించే అబ్రా. ఇక వైను సంగతంటారా, మా ఇంట్లో ఆ మాట పలికితేనే అమ్మీ నోరు కడుక్కోమనేది. ఇంతటి అనుభవజ్ఞుణ్ణి పోస్టర్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

వచ్చేవాళ్ళు వచ్చారు, పోయేవాళ్ళు పోయారు. ఆ పోస్టర్ని తదేకంగా చూసింది ఒక్కరే, మా డబ్బా అక్క. ఆమెది జగిత్యాల దిక్కు. మా వీధిలో బ్రహ్మచారులందరికీ మధ్యాహ్నం అన్నం డబ్బాలు ఆమే వండి తెచ్చేది. నా డబ్బా బల్ల మీద పెట్టి, చీరకొంగుతో ముఖం తుడుచుకుంటూ రోజూ ఆ బొమ్మ ముందు నిలబడేది. ఒకనాడు అడిగేసింది: "తమ్మీ, గా పడవల వంటిల్లు ఉంటదా?"

"ఉంటుందక్కా. రెండు పొయ్యిలు, ఫ్రిజ్జు, సింకు, అన్నీ."

"అంటే వండుకుంట పోవచ్చు. కిటికీల కెల్లి తోటలు చూసుకుంట." ఆమె బొమ్మలోని పడవ కిటికీ మీద వేలు పెట్టింది. "ఇన్నేండ్లు వండిన గని, కిటికీ ఉన్న వంటిల్లు ఒక్కటి దొరకలే తమ్మీ."

ఆ మాటకి నిజంగానే నా మనసు కలుక్కుమంది. (అదే నిమిషంలో నాలోని అమ్మకందారుడు లేచి కూర్చున్నాడన్నది కూడా నిజమే.) మర్నాడు ఆమె భర్తని తీసుకొచ్చింది. సార్ జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీ స్టోర్ చూసుకునేవారు, మెత్తని మనిషి. పెళ్ళై పాతికేళ్ళు నిండుతున్నాయి, ఎన్నడూ ఎక్కడికీ తీసుకుపోలేదు, ఈసారి ఆమె అడిగింది కాదనకూడదని వచ్చారు. నేను చెలరేగిపోయాను. కోటలు చూపించాను, తోటలు చూపించాను. "ఆ నేల కింది గదులల్ల ఏముంటది తమ్మీ?" అని అక్క అడిగితే, "ద్రాక్షరసమే అక్కా, కాస్త పాతది," అన్నాను. సార్ కిందికి చూసి నవ్వుకున్నారు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "నడిపెటోడు మంచిగ నడుపుతడా?"

పడవన్నాక సరంగు ఉండడా? అబ్రాకి ఉన్నాడు, టీవీలో చూసిన గోదావరి లాంచీలకి ఉన్నాడు. అందుకే నేను తడుముకోకుండా, "తెల్లమీసాల సరంగు సార్, ఆ కాలువ మీదే పుట్టి పెరిగినవాడు. మీరు కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే," అనేశాను. మీసాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

బుకింగ్ అయిపోయింది. ముదీర్ నా భుజం తట్టి, వీడు కింగ్ అవుతాడన్నట్టు అందరికీ నన్ను చూపించాడు. వీసాలు కూడా వచ్చాక ఒకరోజు పడవల కంపెనీ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేసింది. ఇద్దరిలో కెప్టెన్ ఎవరని అడిగింది. "కెప్టెన్ ఎవరో మీరే చెప్పాలి మేడమ్, మీ మనిషి కదా," అన్నాను. ఆమె చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. మా మనిషంటూ ఎవరూ ఉండరు, ఈ పడవలు అద్దెకి తీసుకున్నవాళ్ళే నడుపుకుంటారు, లైసెన్సు కూడా అక్కర్లేదు, ఎక్కేముందు అరగంట నేర్పిస్తాం, చాలా సులువు అని. నేను "సులువే మేడమ్, సులువే" అని ఫోన్ పెట్టేసి, పోస్టర్ని మొదటిసారి సరిగ్గా చూశాను. అందులో చక్రం పట్టుకుని నవ్వుతున్నాయన నిక్కరు వేసుకుని ఉన్నాడు. నిక్కరు వేసుకున్న సరంగు ఎక్కడైనా ఉంటాడా అని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఈ దేశంలో డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకోవడమంటే మామూలు వ్యవహారం కాదు. పక్క సీట్లో పరీక్ష పెట్టే అఫ్సర్ కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా మనల్ని ఫెయిల్ చేసి దిగిపోతాడు. సార్ ఎన్నిసార్లు తప్పారో ఆయన చెప్పరు, అక్కని చెప్పనివ్వరు. చివరిసారి నడిరోడ్డు మీద స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ పైకెత్తేశారని మాత్రం వీధిలో అందరికీ తెలుసు. అప్పట్నుంచి ఆ ఇంట్లో డ్రైవింగ్ అన్న మాటే నిషిద్ధం. అలాంటి మనిషితో నేను, "సార్, పడవ మీరే నడపాలట," అన్నాను.

సార్ ముఖం తెల్లబోయింది. "ఖలాస్ తమ్మీ. క్యాన్సిల్ చెయ్," అని లోపలికి వెళ్ళిపోయారు. అక్క గిన్నెలు సర్దుకుంది. మర్నాడు నా డబ్బాలో ఒట్టి చారు వచ్చింది. కూర లేదు, పప్పు లేదు, ఊరగాయ ముక్కైనా లేదు. ఉద్యోగం ఎలాగూ పోతోంది, తిండి కూడా పోయేలా ఉందని నాకు అర్థమైంది. అన్నిటికన్నా ఆమె ఆరోజు పోస్టర్ వైపు చూడకుండా వెళ్ళిపోవడం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. (నా ఆలోచనల చరిత్ర మీరు చదువుతూనే ఉన్నారు.) సెలవురోజున ఇద్దర్నీ బతిమాలి ఒక పార్కుకి తీసుకెళ్ళాను. అక్కడి చెరువులో కాళ్ళతో తొక్కే చిన్న పడవలుంటాయి. "అఫ్సర్ ఉంటడా?" అని సార్ అనుమానంగా అడిగారు. "ఎవరూ ఉండరు సార్, లైఫ్ జాకెట్ ఇచ్చేవాడు తప్ప," అన్నాను. ముందు సీట్లలో సారూ నేనూ కూర్చుని తొక్కుతున్నాం, దారి తిప్పే పిడి సార్ చేతిలో ఉంది, వెనక అక్క సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదట గట్టుని గుద్దాం. తర్వాత ఒక ఫిలిప్పీన్స్ కుటుంబాన్ని గుద్దాం. వాళ్ళు మంచివాళ్ళు, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత పడవ తిన్నగా చెరువు మధ్యలో ఉన్న ఫౌంటెన్ వైపు బయల్దేరింది. "తిప్పండి సార్!" అని నేను అరుస్తున్నాను. సార్ పిడి వదిలేసి రెండు చేతులూ పైకెత్తేశారు.

ముగ్గురం నిలువునా తడిసిపోయాం. ఆ జల్లులోనే వెనక నుంచి గాజుల చెయ్యి ఒకటి ముందుకొచ్చి పిడి పట్టుకుంది. "మీరు తొక్కుర్రి. దారి నేను చూస్త," అంది అక్క. అంతే, పడవ బుద్ధిమంతురాలైపోయింది. ఫౌంటెన్‌ని చుట్టి, ఆ ఫిలిప్పీన్స్ వాళ్ళని తప్పించి, చెరువంతా ఒక రౌండు కొట్టి ఎక్కిన చోటికే మెత్తగా వచ్చి ఆగింది.

"ఎట్లా అక్కా?" అన్నాను నోరు తెరిచి.

"గ్యాస్ సిలిండర్ దొర్లిచ్చినట్టే తమ్మీ. ఆత్రపడితే ఒరుగుతది, మెల్లగ తిప్పితే చెప్పినట్టు ఇంటది."

సార్ గట్టు మీద కూర్చుని చొక్కా పిండుకుంటున్నారు. క్యాన్సిల్ అన్న మాట ఇంకోసారి వినాలేమో అనుకుంటున్నాను. చివరికి ఆయన తలెత్తి అక్క వైపు చూశారు. పాతికేళ్ళుగా పక్కనే ఉన్న మనిషిని కొత్తగా చూసినట్టు చూశారు. "తమ్మీ, గా ఫ్రాన్సు మేడమ్‌కు ఫోన్ చెయ్. కెప్టెన్ మీ అక్క అని చెప్పు," అన్నారు. అక్క తల తిప్పేసుకుంది. ఫౌంటెన్ నీళ్ళో ఏవో కానీ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

వాళ్ళు వెళ్ళారు, వచ్చారు. నా ఉద్యోగం ఖాయమైంది, డబ్బాలోకి పప్పు తిరిగొచ్చింది. మధ్యలో ఒక ఫొటో పంపారు. చీర మీద స్వెట్టరు, చక్రం మీద చెయ్యి, ముందు లాకు తలుపులు, వెనక కొండంతా ద్రాక్షతోట. సార్ తాడు పట్టుకుని గట్టు మీద నిలబడి ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నారు. వచ్చాక అక్క డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఇప్పుడు డబ్బాలు కారులో వస్తాయి. సెలవురోజుల్లో సార్ పక్క సీట్లో కూర్చుని, డబ్బాలు ఒరగకుండా ఒళ్ళో పట్టుకుంటారు.

నేనింకా ఆ ఆఫీసులోనే ఉన్నాను. ఆ కాలువకి చాలామందిని పంపించాను, నేను మాత్రం ఇంతవరకూ చూడలేదు. పోస్టర్ వెలిసిపోయింది, నిక్కరాయన ముఖం కనిపించడం మానేసింది. మొన్న డబ్బా పెడుతూ అక్క దాని ముందు ఆగి, "నువ్వెప్పుడు పోతవ్ తమ్మీ?" అంది. నాకు నడపడం రాదక్కా అన్నాను (నన్నూ ఆ అఫ్సర్ మాటా పలుకూ లేకుండానే ఫెయిల్ చేసి దించేశాడు).

"నేనొస్త గద. నువ్వు కాలు మీద కాలేసుకొని కూసో," అంది.

ఆమె వెళ్ళాక చాలాసేపు నవ్వుకున్నాను. ఆ పోస్టర్ పక్కన కూర్చుని, లేని సరంగుకి తెల్లమీసాలు పెట్టిన ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. పాపం, వాడు మరీ అంత అబద్ధమేం చెప్పలేదు. మీసాలొక్కటే తప్పు.