స్టెరాయిడ్‌కు లొంగని వాపు

ఆ ఉదయం దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి మా పావనిని లేపితే కళ్లు తెరవలేకపోయింది. రెప్పలు బూరెల్లా పొంగి ఉన్నాయి. అప్పటికి దానికి నాలుగేళ్లు. కొన్నాళ్లుగా బుగ్గలు నిండుతున్నాయని ఇంటిల్లిపాదీ మురిసిపోతున్నాం. ఆ రోజు కూడా మా అత్త, "పిల్ల ఒళ్లు సేసింది కదా, ఎవలి కళ్లు పడ్డాయో" అంటూ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. సాయంత్రానికి పాదాలు కూడా ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

దువ్వాడలో మా వీధి డాక్టరు గారు యూరిన్ టెస్ట్ చూసి, "ప్రోటీన్ ఫోర్ ప్లస్. వెంటనే కిడ్నీ డాక్టరుకి చూపించండి" అన్నారు. సీతమ్మధారలోని డాక్టరమ్మ అది నెఫ్రోటిక్ సిండ్రోమ్, కిడ్నీలు ప్రోటీన్‌ని యూరిన్‌లోకి వదిలేసే జబ్బు అని చెప్పి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. "చాలామంది పిల్లలకి దీంతోనే తగ్గిపోతుందమ్మా" అన్నారు. రోజూ పొద్దున్నే స్ట్రిప్‌ను యూరిన్‌లో ముంచి చూడటం నేర్పారు. ఆకుపచ్చగా మారితే ప్రోటీన్ పోతున్నట్టు. మారకూడదని అప్పన్న స్వామికి మొక్కుకుంటూ ముంచేదాన్ని. మారేది.

వారాలు గడిచాయి. మందుకి ఆకలి పెరిగింది, కోపం పెరిగింది, వాపు మాత్రం తగ్గలేదు. ఇన్ఫెక్షన్ వచ్చి ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది. బయాప్సీ చేశారు. వేరే మందు కూడా ఇచ్చి చూశారు. కిడ్నీలు దెబ్బతింటున్నాయని చెప్పే క్రియాటినిన్ పెరుగుతూనే ఉంది.

అప్పుడు డాక్టరమ్మ అడిగారు. "మీది మేనరికమా?"

అవును. మా మేనత్తే నాకు అత్తగారు.

"మూడు తరాలుగా మావోళ్లంతా మేనరికాలే సేసుకున్నారు. ఎవలికేటయ్యింది?" అంది అత్త కోపంగా.

"అందరికీ అవదమ్మా. భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే జీన్ లోపం దాగి ఉంటే బిడ్డకి రావచ్చు. జెనెటిక్ టెస్ట్ చేయిద్దాం."

రిపోర్టు వచ్చింది. మా ఇద్దరి నుంచీ లోపం పాపకు చేరింది. "ఈ రకానికి స్టెరాయిడ్ పనిచేయదు. మెల్లగా తగ్గించి ఆపేద్దాం. తప్పు మీలో ఎవరిదీ కాదు. కానీ కిడ్నీలు ఎక్కువ కాలం నిలవవు" అన్నారు డాక్టరమ్మ.

బయట బల్ల మీద అత్త చాలాసేపు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత నావైపు చూడకుండానే చెప్పింది.

"మీ ఆయన కంటే ముందు నాకో మొగపిల్లోడు పుట్టాడమ్మీ. ఇలాగే ఉబ్బి పోనాడు. దిష్టనుకున్నాం. ఎవలికీ సెప్పొద్దన్నాడు మీ మామ. తెలిస్తే మనింటికి పిల్లనెవలిత్తారు అన్నాడు. నాను ముందే సెప్పుంటే దీన్నిన్ని మందుల్తో ఏడిపించకపోదుమేమో."

నాకు కోపం రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడైనా నోరు విప్పినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఎందుకంటే అప్పటికే మా చెల్లిని మా మరిదికి ఇవ్వాలని మాట అనుకుని ఉన్నారు. "ఆ టెస్టేటో ఆళ్లిద్దరికీ సేయించండి. తరవాతే మాట" అని అత్తే పట్టుబట్టింది. ఇద్దరిలోనూ ఆ లోపం ఉంది. సంబంధం ఆగిపోయింది. మా చెల్లి చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు పావనికి ఏడేళ్లు. పొట్టలో అమర్చిన ట్యూబు ద్వారా ఇంట్లోనే నేను డయాలిసిస్ చేస్తున్నాను. నీళ్లు కూడా కొలత ప్రకారమే. "ఒక్క గుక్కే అమ్మా, మింగను, ఉమ్మేస్తాను" అని బేరమాడుతుంది. మా వారు కిడ్నీ ఇవ్వవచ్చా అని టెస్టులు జరుగుతున్నాయి. ఈ జీన్ వల్ల వచ్చిన జబ్బు కొత్త కిడ్నీలోకి తిరిగి రావడం అరుదని డాక్టరమ్మ చెప్పారు. ఆ మాట పట్టుకుని ఉన్నాం. అంతవరకూ పిల్ల నిలుస్తుందో లేదో తెలియదు. నిలిచిన ప్రతి పూటా స్వామి పెట్టిన భిక్షే.

సాటి తల్లులకు ఒక్క మాట. స్టెరాయిడ్‌కు వాపు లొంగకపోతే సొంతంగా మందు మానేయకండి, జెనెటిక్ టెస్ట్ గురించి డాక్టరును అడగండి. అంతకు ముందు ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని, పసితనంలోనే పోయిన బిడ్డలు ఉన్నారా, ఎలా పోయారు అని అడగండి. చెప్పడానికి ఆవిడకు కొంత సమయం పడుతుంది. లేచి వచ్చేయకండి.