డెబ్బై రెండు కేజీలు

గుర్రమంటే నాకు భయం. పెద్దపులి అన్నా అంత భయం లేదు, దాన్ని ఎక్కమని ఎవరూ అనరు కదా. అలాంటి నాకు పెదబయలు దాటి, జీపు ఆగిపోయిన చోటు నుంచి మరో మూడు గంటలు కొండెక్కితే గానీ రాని బడికి పోస్టింగు వచ్చింది. అసలే మోకాళ్లు అరిగిపోయినదాన్ని. మొదటి సోమవారం సగం దారిలో కూలబడి ఏడ్చాను. ఇక లాభం లేదు, సోమవారం ఎక్కడానికీ శనివారం దిగడానికీ టీచరమ్మకి గుర్రం కావాల్సిందేనని పిల్లల తల్లిదండ్రులే తేల్చారు. ఆ కొండల్లో మిరియాలూ పసుపూ సంతకి దిగేది, ఉప్పూ బియ్యమూ పైకెక్కేది గుర్రాల మీదే.

సొంతంగా కొని మేపే ఓపిక నాకెక్కడిది? ఎవరి గుర్రాన్నో వారంలో రెండు రోజులు పంచుకోవాలి. మొదటి ఆసామి నన్ను కింద నుంచి పైదాకా చూసి, తన గుర్రం చూలుతో ఉందన్నాడు. అది మగగుర్రమని తర్వాత తెలిసింది. రెండో గుర్రం నా నడుమంత ఎత్తుంది. ఎక్కితే నా కాళ్లు దారంతా ఊడ్చుకుంటూ పోయేవి. మూడోది మా ఐదో తరగతి పిల్ల తండ్రిది. ఎర్రది, గట్టిది. శుక్రవారాలు అతని తల్లిని కింద ఆసుపత్రికి తీసుకెళ్లేది, కాలిపుండుకి కట్టు మార్పించడానికి. ఆ ముసలమ్మ అడుగు తీసి అడుగు వేయలేదు. సోమవారం, శనివారం మాత్రం గుర్రం ఖాళీయే.

సంతలో కలిసినప్పుడు అతను ఒక్కటే అడిగాడు, కాఫీ బస్తా గురించి అడిగినట్టు.

"ఎన్ని కేజీలుంటావు టీచరమ్మా, సెప్పు. ఎనభై దాటితే బండకాడ మొయ్యలేదు."

పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ ఆ మాట అడగలేదు. చుట్టూ జనం, పక్కనే మిరియాలు తూచే కాటా. డెబ్బై రెండు అన్నాను. నిజానికి ఎనభై ఎనిమిది. కాటా ఎక్కమంటాడేమోనని చెమటలు పట్టాయి. ఎక్కమనలేదు. అక్కడ మాటంటే మాటే. పైగా లెక్క చూసుకుని, ఇంకా ఎనిమిది కేజీలకి చోటుందని వాళ్లమ్మ బియ్యం మూట కూడా నా వెనక కట్టాడు. క్లాసులో అబద్ధమాడిన పిల్లలకి గోడకుర్చీ వేయించేదాన్ని, కూడికలు నేర్పేదాన్ని. ఆ కూడిక మనసులోనే చేసుకుని తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

బండ అంటే దారి మధ్యలో వచ్చే నల్లటి ఏటవాలు రాయి. ఎడమ పక్క కొండ, కుడి పక్క ఏమీ లేదు. ఎక్కడో కింద గెడ్డలో నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. ప్రతి సోమవారం గుర్రం దాని మీదికి రాగానే ఆగిపోయేది. అతను ముందుండి తాడు లాగేవాడు. కదలకపోతే కర్రతో తొడ మీద రెండు వేసేవాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, జూలు రెండు పిడికిళ్లతో పట్టుకుని, తెలిసిన దేవుళ్లందరికీ కొబ్బరికాయలు మొక్కేదాన్ని. దాచడమెందుకు, దెబ్బ పడి అది కదిలినప్పుడల్లా నా ప్రాణం కుదుటపడేది.

వానలు ముదిరాక ఒక సోమవారం బండంతా పాకుడు పట్టి ఉంది. గుర్రం సరిగ్గా మధ్యలో ఆగింది. కర్ర పడింది. కదల్లేదు. మళ్లీ పడింది. నా కింద దాని ఒళ్లంతా వణకడం మొదలైంది. ఆ వణుకు నా పళ్లదాకా ఎక్కింది. ఇంతలో వెనక కాలు సర్రున జారింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో అది నిలదొక్కుకుంది గానీ అక్కణ్ణుంచి అడుగు వేయలేదు.

అతను కర్ర దించేశాడు.

"దీని పనైపోనాది టీచరమ్మా. డెబ్బై రెండు కేజీలు మొయ్యనేనిది రేపు మాయమ్మనేటి మోస్తాది? ఈ సంతకి అమ్మేత్తాను."

మరి మీ అమ్మ కట్టు సంగతేమిటని అడిగాను. ఇంకో గుర్రం దొరికేదాకా ఇంట్లోనే పడుండాలన్నాడు. ఆ పుండు నేను చూశాను. వారం ఆగేది కాదు.

చెప్పకపోతే గుర్రం పోతుంది, దాంతో పాటు ముసలమ్మ కాలూ పోతుంది. చెబితే ఆ కొండ మీద నా మొహం ఎవరికి చూపించను? పైగా ఈ బండ మీద నన్ను వదిలేసి వెళ్లిపోతే? ఎంత పిరికిదాన్నంటే, అంత భయంలోనూ ముందు నా గురించే ఆలోచించాను. తర్వాత కొండ వైపుకి జారి దిగి, మోకాళ్ల మీద కూలబడ్డాను.

"గుర్రం మంచిదే తమ్ముడూ," అన్నాను. "నేనే ఎనభై ఎనిమిది. సిగ్గేసి తగ్గించి చెప్పాను."

తిడతాడనుకున్నాను. కర్ర ఇంకా చేతిలోనే ఉంది. అతను బియ్యం మూట విప్పి భుజాన వేసుకున్నాడు. తాడు లాగకుండానే గుర్రం బండ దాటిపోయి అవతల గడ్డి కొరకడం మొదలుపెట్టింది. నేను చేతులూ మోకాళ్లూ ఆనించి పాకుతూ దాటాను. దాటేసరికి అతను గుర్రం తొడ మీద తేలిన వాతల్ని అరచేత్తో రుద్దుతున్నాడు. నా వైపు చూడలేదు.

"రెండు నెల్లబట్టి దీన్నే కొడతన్నాను గదమ్మా," అన్నాడు.

శుక్రవారం ముసలమ్మ దాని మీదే ఆసుపత్రికి దిగింది. శనివారం నేను నడిచి దిగాను.