కమిటీలో కాదండీ మావయ్య

ఎదుటివాళ్లు నోరు తెరిచి ఏదైనా అంటే చాలు, "కాదండీ" అనడం ఆయనకున్న జబ్బు. దానికి మందు లేదని ఆయన భార్యే తేల్చేసింది. వకీలుగా పనిచేసిన రోజుల్లో అంటుకున్న అలవాటని కొందరంటారు. ఆయన అక్క మాత్రం ఒప్పుకోదు. పుట్టినప్పుడు "మగపిల్లాడమ్మా" అని నర్సు అనగానే తమ్ముడు ఏడ్చిన ఏడుపు అచ్చం "కాదండీ" అన్నట్టే వినిపించిందని ఒట్టేసి చెబుతుంది. భార్యతో "కాదే", మేనకోడలితో "కాదమ్మా", బయటివాళ్లతో "కాదండీ". మర్యాద మారుతుంది గానీ మాట మారదు. అందుకే వీధి వీధంతా ఆయన్ని కాదండీ మావయ్య అనే పిలుస్తుంది.

"జుట్టు బాగా పల్చబడిందండీ" అని మంగలి జాలిపడితే, "కాదండీ, నుదురు విశాలమైంది" అంటాడు. "కూరలో ఉప్పెక్కువైంది" అని అత్తయ్య తనంతట తనే తప్పు ఒప్పుకున్నా వదలడు. "కాదే, ముక్కలు తక్కువయ్యాయి." ఇన్నేళ్ల కాపురంలో అత్తయ్య ఒక కిటుకు కనిపెట్టింది. వాన పడేలా ఉంటే గుమ్మంలో నిలబడి, "గొడుగు మీకెందుకులెండి" అంటుంది. అంతే, ఆయన గొడుగు పట్టుకుని గానీ గడప దాటడు.

మేనకోడలు, పిల్లలు లేనివాళ్లకి వైద్యం చేసే ఆసుపత్రిలో, పిండాలను పెంచి, శీతల ట్యాంకుల్లో భద్రపరిచే ల్యాబులో పనిచేస్తుంది. ఆ ఆసుపత్రిలో ఏది చేయొచ్చో, ఏది చేయకూడదో తేల్చే నైతిక కమిటీ ఒకటుంది. అందులో బయటివాళ్లు ఒకరుండాలి, చట్టం తెలిసినవాళ్లయితే మరీ మంచిదని పెద్ద డాక్టరమ్మ అన్నప్పుడు, మేనకోడలు ముందూవెనకా చూసుకోకుండా, "మా మావయ్య ఉన్నాడండీ" అనేసింది. తను ఎంత పని చేసిందో ఆమెకు మొదటి మీటింగులోనే తెలిసొచ్చింది.

అక్కడ తేల్చాల్సింది చిన్న సంగతి కాదు. వైద్యం చేసేటప్పుడు కావలసినవాటి కంటే ఎక్కువ పిండాలు తయారవుతాయి. బిడ్డ పుట్టాక, ఇంక వద్దనుకున్నవాళ్లవి ట్యాంకుల్లో మిగిలిపోతాయి. ఎప్పుడో ఒకనాడు పారేయాల్సిందే. అలా పారేసే బదులు, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, వాటి నుంచి మూలకణాలు తీసి పరిశోధన చేయొచ్చు. ఆ కణాలు ఒంట్లో ఏ భాగంగానైనా మారగలవు కాబట్టి, వణుకుడు జబ్బులాంటివాటికి ఎప్పటికైనా మందు దొరకవచ్చని ఆశ. కానీ కణాలు తీస్తే ఆ పిండం ఇక ఉండదు. అనుమతి వస్తే ఆ పరిశోధన మేనకోడలి చేతికే వస్తుంది. ఆమె ఆశలన్నీ దానిమీదే పెట్టుకుంది.

మొదటి మీటింగులో అందరూ సరేనన్నారు, ఒక్క తత్వశాస్త్రం లెక్చరరు తప్ప. "ప్రాణం కాబోయేదాన్ని వాడుకునే హక్కు మనకెవరిచ్చారు?" అన్నాడాయన మెల్లగా.

"ఎలాగూ పారేసేవేగా!" అంది పెద్ద డాక్టరమ్మ. అందరూ తలలూపారు.

"కాదండీ," అన్నాడు మావయ్య. ల్యాబు తరఫున వచ్చి కూర్చున్న మేనకోడలు పెన్ను కింద పెట్టేసింది. "ముసలాయన ఎలాగూ పోతాడు కదా అని, పక్కింటివాళ్లు ముందే వచ్చి ఆయన మంచం ఎత్తుకుపోతామంటే ఊరుకుంటామా? పారేయడం వేరు, వాడుకోవడం వేరు."

టీలు చల్లారిపోయేదాకా ఆయన లెక్చరరు తరఫున వాదించాడు. విషయం వాయిదా పడింది.

మేనకోడలు మావయ్య ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టింది. అత్తయ్య అగ్నికి ఆజ్యం పోసింది. "వాటి జోలికి పోకండే తల్లీ, పాపం."

"కాదే," అన్నాడు మావయ్య కుర్చీలోంచి. "అయిదు రోజుల పిండానికి నొప్పి తెలీదు. అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లలేని మనిషికి తెలుసు. ఆ మనిషి గురించి ఆలోచించడం పాపమెలా అవుతుంది?"

"ఈ మాటే అక్కడ అనొచ్చుగా మావయ్యా!" అని మేనకోడలు మండిపడింది.

"అక్కడ మీరందరూ అంటూనే ఉన్నారు కదమ్మా, నేనెందుకు?"

రెండో మీటింగు నాటికి గాలి తిరిగింది. లెక్చరరు ఒక్కొక్కరినీ కలిసి మాట్లాడి తన వైపు తిప్పుకున్నాడు. పెద్ద డాక్టరమ్మ ఒక్కతే మిగిలింది. లెక్చరరు ధీమాగా గొంతు సవరించుకుని, "కాబట్టి ఈ పని అనైతికమని మనందరం..." అంటుండగానే వినపడింది, "కాదండీ."

లెక్చరరు నివ్వెరపోయాడు. "అదేమిటండీ! పోయినసారి మీరు నా పక్కన ఉన్నారు!"

"కాదండీ. పోయినసారి మీ పక్కన ఎవరూ లేరు."

వకీలు మాటలు ఇలాగే ఉంటాయని మేనకోడలు తల పట్టుకుంది. ఇద్దరు సభ్యులైతే ఆయన్ని గోడమీద పిల్లి అని బాహాటంగానే అన్నారు. చివరికి, ముందుగా తల్లిదండ్రుల మాట విందామని, పిండాలు ఇవ్వడానికి ముందుకొచ్చిన ఒక జంటను పిలిపించారు.

భర్త బస్సు డ్రైవరు. భార్య బేకరీలో పనిచేస్తుంది. ఈ ఆసుపత్రి వైద్యంతోనే వాళ్లకు బాబు పుట్టాడు. భర్త తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. వణుకుడు జబ్బు వచ్చాక ఇప్పుడు చొక్కా బొత్తాలు కూడా ఇంకొకరు పెట్టాలి. "మా నాన్నకి కాకపోయినా, ఇంకెవరి నాన్నకో పనికొస్తుంది కదండీ," అన్నాడు భర్త. వెంట వచ్చిన అతని తల్లి కళ్లొత్తుకుంది. గదిలో అందరి మనసూ కరిగింది. లెక్చరరు కూడా తన కాగితాలు మూసేసి కిటికీ వైపు చూశాడు.

భార్య మాత్రం తలెత్తలేదు. మేనకోడలు ఆమె పక్కకు వంగి, "భయపడకండి, అది చుక్క కన్నా పెద్దది కాదు," అని చెప్పింది.

"తెలుసండీ. మా బాబు కూడా అలాగే చుక్కలా ఉన్నాడని మీరే చూపించారుగా?"

మేనకోడలు తన కుర్చీలో వెనక్కి జరిగింది. "మంచి పనమ్మా", "నిదానంగా ఆలోచించు తల్లీ" అని చుట్టూ నెమ్మదైన గొంతులు మొదలయ్యాయి. అంతలో కుర్చీ ఈడ్చిన చప్పుడు. మావయ్య తన కుర్చీని కమిటీ వైపు నుంచి కరకరలాడిస్తూ లాక్కెళ్లి ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"కాదండీ. ఈవిడకి ఇష్టం లేకపోతే లేదు. ఎందుకో కూడా చెప్పక్కర్లేదు."

ఆమె ఆయన వైపు చూసి ఊపిరి పీల్చుకుంది. "ఇష్టం లేదండీ," అంది స్పష్టంగా.

పెద్ద డాక్టరమ్మ లేచొచ్చి ఆమె భుజం తట్టింది. అత్తగారు, "పోనీలేమ్మా, నువ్వు బాధపడకు," అని చెయ్యి పట్టుకుంది. లెక్చరరు మంచినీళ్లందించాడు. అందరూ ఆమె చుట్టూ చేరారు. మేనకోడలు చూస్తే మావయ్య కుర్చీ ఖాళీ.

వరండాలో, మంచినీళ్ల కుళాయి దగ్గర భర్త ఒక్కడే గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. పక్కనే మావయ్య.

"నాదంతా స్వార్థమేనండీ. మా నాన్న చేతులు చూసి ఆశపడ్డాను."

"కాదండీ. ఆశపడటమే స్వార్థమైతే ఈ ఆసుపత్రికి వచ్చేదెవరు?"

"కానీ లోపల మా ఆవిడ మీద కోపమొచ్చిందండీ."

"కాదండీ. అది దిగులు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి."

మేనకోడలు తలుపు పక్కనే ఆగిపోయింది. తను పెట్టుకున్న ఆశ చేజారుతున్నా, ఆ క్షణంలో ఆమెకు ఒంటరిగా మిగిలిన లెక్చరరు గుర్తొచ్చాడు, పెద్ద డాక్టరమ్మ గుర్తొచ్చింది, చెప్పులు విసిరిన రోజు తనూ గుర్తొచ్చింది. కాసేపటికి భార్య బయటికొచ్చింది. డ్రైవరు ముఖం తుడుచుకుని, "పద, బాబు ఎదురుచూస్తుంటాడు," అన్నాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని నడిచింది.

మూడో మీటింగులో కమిటీ ఒక మాట మీదికి వచ్చింది. మనస్ఫూర్తిగా ఇచ్చేవాళ్ల దగ్గర పిండాలు తీసుకోవచ్చు. ఇద్దరిలో ఏ ఒక్కరు ఆఖరి నిమిషంలో వద్దన్నా ఆపేయాలి, కారణం అడగకూడదు. నిర్ణయానికి ముందు ఇద్దరితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడే మనిషి ఒకరుండాలి.

"ఆ పనికి మీకన్నా మంచి మనిషి దొరకరు," అంది పెద్ద డాక్టరమ్మ మావయ్యతో. "మీరే చెయ్యాలి."

గదిలో అందరూ "కాదండీ" కోసమే ఎదురుచూశారు. లెక్చరరైతే ముందుగానే చిరునవ్వు సిద్ధం చేసుకున్నాడు. మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"సరేనండీ," అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు. తర్వాత లెక్చరరు కంగారుగా లేచి కిటికీ తెరిచాడు. పెద్ద డాక్టరమ్మ నాడి పట్టుకుని చూసింది. మేనకోడలు పరుగున వెళ్లి నర్సమ్మను పిలుచుకొచ్చింది. బీపీ మామూలుగానే ఉంది. నర్సమ్మ నమ్మలేక, పట్టీ విప్పి రెండో చేతికి కూడా కట్టింది.