గీత పెట్టు, పేరు రాయకు

“పేర్లు తీసేశాం. ఇంటి నంబర్లు తీసేశాం. పుట్టిన తేదీలు తీసేశాం. ఇంకేం తీయమంటారు యూనా, అక్షరాలు కూడా తీసేయమంటారా?”

“అవసరమైతే అవీ తీయాలి సార్.”

“వెటకారమా?”

“కాదు. కొన్ని వరుసలు చదివి చెప్తున్నా.”

“చదివినవాళ్ళు మీరొక్కరేనా? నగరం నుంచి వచ్చిన కన్సల్టెంట్లు ఇరవై పేజీలు రాసిచ్చారు. ప్రమాదం తక్కువ అని ఆకుపచ్చ రంగు పూసి మరీ ఇచ్చారు.”

“వాళ్ళకి ఈ తీరంలో ఒక్క మనిషి తెలీదు సార్. తెలియనివాళ్ళకి ఎవరు కనబడతారు?”

చెక్క గోడకి ఇవతల నేను మూడు టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను. లోపలికి వెళ్తే తిట్లు, వెళ్ళకపోతే టీ చల్లారుతుంది. చల్లారనిచ్చాను.

లోపలున్న మగ గొంతు సూపరింటెండెంట్ రీయక్‌ది. గ్లాస్గో వైపు మనిషి, మా ఈశాన్య తీరానికి వచ్చి మూడేళ్ళు. ఆడగొంతు యూనా గెడ్డెస్‌ది. అరవై ఒకటేళ్ళు, పొట్టి మనిషి, యూనిఫారం లేదు. పోలీసులు ఏ కొత్త పథకం పెట్టినా, అందులో జనం వివరాలు ఎవరి చేతుల్లోకి పోతాయి, దానివల్ల ఎవరికి ఏ హాని జరగొచ్చు అని ముందే కూర్చుని రాయడం ఆమె ఉద్యోగం. ఆమె వద్దంటే పథకం ఆగిపోదు. కానీ ఆమె వద్దన్నా ఎందుకు చేస్తున్నాడో రీయక్ తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. అందుకే ఆ అరుపులు.

నేను కాలేజీ రెండో ఏడాదిలో మానేసి, ఈ ఠాణా రికార్డుల గదిలో ఆర్నెల్ల కాంట్రాక్టు మీద చేరినవాణ్ణి. ఇంకో పదిహేను రోజుల్లో సముద్రంలో చమురు బావులకి సరుకు మోసే పడవ మీద పనికి పోవాలి. ఠాణాలో నాకెవరి మీదా ప్రేమ లేదు, యూనా మీద అసలే లేదు. మా ఊళ్ళో ఆమెకున్న పేరు ‘వానావిడ’. ఆదివారం చర్చి గుమ్మంలో ఎవరైనా, “ఏం యూనా, మొన్న రాత్రి హార్బర్ వీధిలో పోలీసు బండి ఆగిందట, ఎవరింటికి?” అని అడిగితే, ఆకాశం చూసి, “వాన వచ్చేలా ఉంది” అంటుంది. మండు వేసవిలోనూ అదే మాట. అడిగి అడిగి జనం విసిగిపోయారు. బేకరీలో రోవీలు, అదే మా ఉప్పురొట్టెలు, కొనుక్కుని కాగితం సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోతుంటే, వెనకనుంచి “గొడుగు తీసుకోండ్రోయ్” అని నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

పథకం చెడ్డదేమీ కాదు. రెండేళ్ళ కిందట పక్క ఊళ్ళో ఒకామె మొగుడి చేతిలో చచ్చిపోయింది. మాకు ఆరుసార్లు ఫోన్ చేసింది. ఇల్లు మార్చమని, సర్కారు అద్దె ఇళ్ళు కేటాయించే ఇళ్ళ ఆఫీసులో మూడుసార్లు అర్జీ పెట్టింది. మా ఫోన్ల సంగతి వాళ్ళకి తెలియదు, వాళ్ళ అర్జీల సంగతి మాకు తెలియదు. ఆ ఇంట్లోకి మొదట అడుగుపెట్టింది రీయకే. అప్పటినుంచి అతనికి ఒకటే పట్టుదల: ఇళ్ళల్లో గొడవలకి వచ్చే ఫోన్ల వివరాలన్నీ ఇళ్ళ ఆఫీసు, ఆసుపత్రి, బడి ఒకే కంప్యూటరు తెర మీద చూడాలి. పేర్లు లేకుండా, ఏ వీధిలో ఏం జరుగుతోందో మాత్రం. సోమవారం మొదలు. ఇది గురువారం మధ్యాహ్నం.

తలుపు తెరుచుకుంది. యూనా బయటికొచ్చి నా చేతిలో టీ ఒకటి తీసుకుని తాగింది.

“చల్లారింది అబ్బాయ్.”

“మీరు అరుచుకుంటుంటే వేడి ఎలా ఉంటుంది?”

“నేను అరవలేదు. నీకు పనేమన్నా ఉందా?”

“కాంట్రాక్టు వాణ్ణి. లేకపోయినా ఉందనాలి.”

ఆమె నన్ను తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళి ఒక కాగితం ముందు పెట్టింది. పథకంలోంచి అచ్చు తీసిన నలభై వరుసలు. పేరు గడి ఖాళీ, ఇంటి నంబరు గడి ఖాళీ. వీధి, వారం, ఫోన్ ఎన్నోసారి, చివర పొడుగాటి రిమార్కుల గడి. పక్కన ఒక పెన్సిలు, తన చేతి గడియారం.

“ఇందులో మనిషి ఎవరో నీకు తెలిసిపోతే పక్కన గీత పెట్టు. పేరు రాయకు. నాకు చెప్పకు కూడా. గీత మాత్రమే.”

“బహుమతేమన్నా ఉందా?”

“వాన వచ్చేలా ఉంది” అంది.

మొదలుపెట్టాను. నిజం చెప్తున్నా, సరదాగానే మొదలుపెట్టాను. మా తీరంలో పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒక్క మా ఊళ్ళోనే అలెక్స్ నికొల్ అనేవాళ్ళు ఏడుగురు. అందుకే ఎవర్నీ అసలు పేరుతో పిలవం. తాత కుంటివాడైతే మనవడిదాకా అందరూ ‘కుంటి’లే. పడవ పేరో, ముక్కు పొడుగో, ఎప్పుడో చేసిన వెర్రి పనో మారుపేరైపోతుంది. పోస్ట్‌మాన్‌కి కూడా మారుపేరు చెప్తేనే ఉత్తరం సరైన గుమ్మానికి చేరుతుంది. రిమార్కుల గడి నిండా అవే ఉన్నాయి. కానిస్టేబుళ్ళు ఎవరి గురించి రాసినా మారుపేరుతోనే రాశారు. పేరు గడి తుడిచిన కంప్యూటరుకి అవి పేర్లని తెలియలేదు. నగరం కన్సల్టెంట్లకీ తెలియలేదు.

గీత, గీత, ఇంకో గీత. మొదటి తొమ్మిది వరుసలకీ పెట్టాను. పదోది చదివాను.

ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాయను. మారుపేరు మార్చి రాస్తున్నాను: ‘పిచ్చుక వాళ్ళ చిన్నోడి భార్య ఫోన్ చేసింది, నాలుగోసారి. తనే చేసినట్టు భర్తకి తెలియకూడదని కోరింది. పక్కింటివాళ్ళు చేశారని అతను అనుకుంటున్నాడు.’

ఆమె మా పిన్ని కూతురు. ప్రతి ఆదివారం నేను వాళ్ళింట్లోనే తింటాను. బంగాళాదుంపలూ మాంసమూ కలిపి ఉడికించిన స్టోవీలు నా పళ్ళెంలో రెండుసార్లు వడ్డిస్తుంది. ఈస్టర్ ముందు ఒకరోజు కన్ను కింద నల్లగా కమిలి ఉంటే, అలమర తలుపు తగిలిందంది. “తలుపు నీకన్నా అందంగా ఉందా, ముద్దు పెట్టబోయావా?” అని నేను ఎగతాళి చేశాను. ఆయనగారు నాకంటే గట్టిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఇదంతా ఆమెను అడిగే రాస్తున్నాను. ఆమె ఇప్పుడు వేరే ఊళ్ళో, వేరే ఇంట్లో ఉంది. “రాసుకో, నా స్టోవీల్లో ఉప్పెక్కువని మాత్రం రాయకు” అంది.

ఆ రోజు మాత్రం పెన్సిలు బల్లమీద పడేశాను. లేచి కోటు తీసుకున్నాను.

“ఎక్కడికి?” అంది యూనా.

“హార్బరుకి. వాడు ఈ పాటికి వలల షెడ్డులో ఉంటాడు.”

“కూర్చో.”

“నన్ను ఆపడానికి మీరెవరు?”

“నీకు చూపించినదాన్ని. ఎంతసేపైంది?”

గడియారం చూశాను. పదకొండు నిమిషాలు. ఆమె అది కాగితం మూల రాసింది. తొమ్మిది గీతలూ లెక్కపెట్టి, పదో వరుస పక్కన గీత లేకపోవడం చూసి, నా మొహం చూసి, తనే పెట్టింది. ఆ తర్వాత, “నీకది చూపించడం నా తప్పే. అది కూడా రాస్తాను. రా లోపలికి” అంది.

రీయక్ కిటికీ దగ్గర ఉన్నాడు. యూనా కాగితం బల్లమీద పెట్టింది. “ఈ అబ్బాయి పదకొండు నిమిషాల్లో పదిమందిని గుర్తుపట్టాడు సార్. నేను ముప్ఫైఒక్క మందిని గుర్తుపట్టాను. ఇవి నలభై వరుసలే. మొత్తం నాలుగు వేలు.”

“మీరు పోలీసు ఆఫీసులో పనిచేసేవాళ్ళు. ఇళ్ళ ఆఫీసువాళ్ళు వేరు.”

నాకు ఆగలేదు. “ఎలా వేరు సార్? ఇళ్ళ ఆఫీసులో రెండో కౌంటర్లో ఈ కాగితంలోని ఒక మొగుడి మేనత్త కూతురు కూర్చుంటుంది. సోమవారం పదింటికి తెర తెరిస్తే పదింపావుకి వాడికి ఫోన్ పోతుంది. మధ్యాహ్నానికి వాడు ఇంటికొస్తాడు. తర్వాత ఏమవుద్దో మీకు తెలుసు. చూసొచ్చారుగా.”

అలా అనకుండా ఉండాల్సింది. అతను కిటికీ దగ్గర్నుంచి వచ్చాడు. కుర్చీలో కూర్చుని కాగితం చదివాడు. వేలితో ఒక్కో వరుసా. చదవడం అయ్యాక గట్టిగా అన్నాడు:

“అసలు ఈ దరిద్రపు అలవాటు ఎవరు నేర్పారు వీళ్ళకి? రిమార్కుల గడిలో మారుపేర్లేంటి?”

“నేనే సార్” అంది యూనా.

ఆమె అప్పుడు చెప్పింది. పదిహేడేళ్ళప్పుడు ఇదే ఠాణాలో టైపిస్టుగా చేరిందట. ఒక చలికాలం ఎవడో అలెక్స్ నికొల్ తాగి ఒకడి దవడ విరగ్గొట్టాడు. కేసు కార్డు టైపు చేసింది ఈమె. పేరు సరిగ్గానే కొట్టింది. పోలీసులు పోయి ఇంకో అలెక్స్ నికొల్‌ని పడవ మీంచి దింపి లాక్కొచ్చారు. రెండు రోజులు లోపలుంచారు. ఆ రెండు రోజుల్లో అతని తండ్రి పోయాడు. పూడ్చిపెట్టాక వదిలారు. అతను బయటికొచ్చి యూనా బల్ల ముందు నిలబడి, “నీకు మా నాన్న మారుపేరు తెలుసు. నా మారుపేరు తెలుసు. ఒక్క ముక్క రాసుంటే నీదేం పోయేది?” అన్నాడు. కేకలు వేయలేదు. అంతే అని వెళ్ళిపోయాడు.

“మర్నాటి నుంచి ప్రతి కార్డు మీదా పెన్సిలుతో మారుపేరు రాశాను సార్. కంప్యూటరు వచ్చింది, అందులో మారుపేరుకి గడి లేదు. రిమార్కుల్లో రాయమని కానిస్టేబుళ్ళకి నేనే చెప్పాను. ముప్ఫై ఏళ్ళు. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటివారం రోవీ పెట్టి, టీ ఇచ్చి, ఇదే పాఠం. తప్పు మనిషిని పట్టుకురాకూడదని. అది ఇంకొకళ్ళు చదువుతారని నేననుకోలేదు.”

కిందనుంచి ఎవరో మెట్లెక్కి, తలుపు దాకా వచ్చి, వెనక్కిపోయారు.

“ఆపేస్తే ఇంకొకతె చస్తుంది యూనా” అన్నాడు రీయక్. ఇప్పుడు గొంతులో అరుపు లేదు. “నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో పొయ్యి మీద కుండ ఇంకా ఉడుకుతోంది, తెలుసా? నేనే ఆర్పాను.”

“తెలుసు సార్. మీరు రాసిన ఆ కాగితం ఫైల్లో పెట్టింది నేనే.”

“మరి?”

“ఆపమనలేదు. రిమార్కుల గడి వెళ్ళకూడదు అంటున్నా, అది ఒకటి. రెండోది, సాయం కావాల్సిన ఇంటికి మన మనిషి వెళ్ళి ఆమెనే అడగాలి. నీ సంగతి ఇళ్ళ ఆఫీసులో ఎవరికి చెప్పమంటావు, ఎవరికి చెప్పొద్దంటావు అని. ఆ చెప్పొద్దన్న పేరే ముఖ్యం సార్. అది ఏ కన్సల్టెంటుకీ తెలీదు, నాకూ తెలీదు. ఆమెకే తెలుసు.”

“ఎన్ని రోజులు?”

“ఆరు వారాలు. సాయం కావాల్సిన ఇళ్ళేవో చూడ్డానికి నాలుగు వేలూ నేనే చదువుతాను.”

“మీరు నెలాఖరుకి రిటైరవుతున్నారు.”

“అవను.”

రీయక్ కలం తీసి ఫారం మీద ‘వాయిదా’ అని రాశాడు. మొదట చదవాల్సిన వరుస ఏదని అడిగాడు. యూనా పదో వరుస చూపించింది. మహిళా కానిస్టేబులు ఒకామెని, యూనిఫారం లేకుండా, బడి వదిలే వేళకి, మొగుడు సముద్రం మీద ఉన్న రోజు చూసి పంపుతానన్నాడు. నా వైపు చూసి, “నువ్వు కాదు” అన్నాడు.

సాయంత్రం బస్సు స్టాపులో యూనా నా పక్కనే నిలబడింది. ఆ రోజు నిజంగానే వాన. హార్బరు దీపాలు కనబడుతున్నాయి. షెడ్డు తలుపు తెరిచే ఉంది, లోపల రేడియో మోగుతోంది. నా పిడికిళ్ళు కోటు జేబుల్లో ఉన్నాయి.

“కానిస్టేబులమ్మ వెళ్ళి అడిగేదాకా ఎన్ని రోజులు?” అన్నాను.

“పడవలు మంగళవారం పోతాయి. బుధవారం అడుగుతారు.”

“మధ్యలో ఆదివారం ఉంది.”

“ఉంది. అందుకే నీతో వచ్చాను. నా బస్సు ఇది కాదు.”

సంచీలోంచి ఒక రోవీ తీసి సగం చేసి నాకిచ్చింది. నేను తినలేదు. చేతిలో మెత్తబడిపోయింది.

“నువ్వు వాణ్ణి కొడితే వాడు మొదట అనుకునేది, వీడికెవరు చెప్పారు అని. ఇంటికెళ్ళి అడిగేది ఆమెనే. నువ్వు ఆమెని పక్కకి పిలిచి జాలిపడ్డా అంతే, ఠాణాలో చెప్పిన మాట బయటికొచ్చిందని తెలిసి, ఐదోసారి ఫోన్ చేయదు. నీకు తెలిసింది నీది కాదు అబ్బాయ్. ఆమెది. నేను పొరపాటున నీ చేతిలో పెట్టాను.”

“మరి నేనేం చేయాలి?”

బస్సు మూల తిరిగింది. ఆమె నా కోటు గుండీ ఒకటి సరిచేసింది, చిన్నపిల్లాడికి చేసినట్టు.

“ఆదివారం ఎప్పటిలాగే వెళ్ళు. స్టోవీలు రెండుసార్లు పెట్టించుకో. వాడు నవ్వితే నువ్వూ నవ్వు. ఆమె మొహంకేసి మామూలుకన్నా ఒక్క క్షణం కూడా ఎక్కువ చూడకు. తనంతట తాను చెప్పేదాకా నీకేమీ తెలీదు. ఈ ఒక్కటీ నాకు చేసిపెట్టు.”